పదహారా, పద్దెనిమిదా అన్న గొడవలో పక్కకు పోయిన జువైనల్ చట్టం

2024 మే 19 తెల్లవారుజామున పుణెలో ఒక పోర్షే కారు గుద్దేసి, బైకు మీద వెళ్తున్న ఇద్దరు ఐటీ ఉద్యోగులు చనిపోయారు. కారు నడిపిన కుర్రాడికి పదిహేడు దాటింది గానీ పద్దెనిమిది నిండలేదు. తాగి నడిపాడన్నది పోలీసుల కేసు. కొన్ని గంటల్లోనే, మైనర్ల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు బెయిల్ ఇచ్చేసింది, షరతుల్లో ఒకటి రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాసి ఇవ్వడం. ఆ వ్యాసం సంగతి బయటికి రాగానే దేశమంతా భగ్గుమంది. తర్వాత రక్త నమూనా మార్చేశారన్న ఆరోపణ మీద డాక్టర్లు కూడా అరెస్టయ్యారు, అది మరో కథ. కుర్రాణ్ని పెద్దవాడిగా లెక్కేసి విచారించాలని పోలీసులు అడిగారు, 2025 జూలైలో బోర్డు కుదరదు పొమ్మంది. దాంతో పాత డిమాండే మళ్లీ మొదలైంది: వయసు తగ్గించాలి, పదహారు కాదు, పద్నాలుగుకు దించాలి.

అసలు ఇక్కడ అడ్డం వచ్చింది వయసు కాదు. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం పదహారు నిండిన వాళ్లను పెద్దవాళ్లుగా విచారించే దారి ఇప్పటికే ఉంది, పదిహేడేళ్ల కుర్రాడు అందులోకి నిక్షేపంగా వస్తాడు. కాకపోతే నేరం 'హేయమైనది' అయి ఉండాలి. హేయం అంటే మనం అనుకునే హేయం కాదు, చట్టానికి ఒక కొలత ఉంది: ఆ నేరానికి రాసిపెట్టిన కనిష్ఠ శిక్ష ఏడేళ్లో అంతకన్నా ఎక్కువో ఉండాలి. గరిష్ఠం కాదు, కనిష్ఠం. పుణె కేసులో పెట్టింది పాత ఐపీసీ 304, అంటే హత్య కిందికి రాని ప్రాణనష్టం నేరం, దానికి యావజ్జీవం దాకా వేయొచ్చు గానీ కనీసం ఇన్నేళ్లు అని ఎక్కడా లేదు. ఇలాంటి నేరాలను ఏం చేయాలన్న ప్రశ్న 2020 జనవరిలో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది, అదీ ఢిల్లీలో మైనర్ నడిపిన కారు ఒకరి ప్రాణం తీసిన కేసే. గరిష్ఠం ఏడేళ్లు దాటినా కనిష్ఠం లేకపోతే అది 'తీవ్రమైన' నేరమే తప్ప 'హేయమైన' నేరం కాదని కోర్టు తేల్చింది, 2021లో పార్లమెంటు ఆ మాటనే చట్టంలోకి ఎక్కించింది. కొత్త భారతీయ న్యాయ సంహిత కూడా ఇదే నేరంలో పెద్ద రకానికి కనిష్ఠం ఐదేళ్లే పెట్టింది, ఏడు దాకా రాలేదు. హత్యాయత్నం పరిస్థితీ అంతే. అంటే వయసును పద్నాలుగుకు కాదు, పన్నెండుకు దించినా పోర్షే కేసు లాంటిది మళ్లీ ఇక్కడికే వచ్చి ఆగుతుంది.

ఇప్పుడు ఇదే కొలతను ఇంకో చోట పెట్టి చూడండి. మన పల్లెల్లో, చిన్న పట్నాల్లో పోలీస్ స్టేషన్లు తరచూ చూసే కేసే. పదిహేడేళ్ల ఇంటర్ కుర్రాడు, పదహారున్నరేళ్ల అమ్మాయి ఇష్టపడి ఊరొదిలి వెళ్లిపోతారు, చాలాసార్లు కులాలు వేరై ఉంటాయి, అమ్మాయి తండ్రి కేసు పెడతాడు. అమ్మాయి తన ఇష్టంతోనే వెళ్లానని చెప్పినా చెల్లదు, పద్దెనిమిది నిండేదాకా సమ్మతికి చట్టంలో విలువ లేదు. ఇద్దరూ శారీరకంగా దగ్గరయ్యారని తేలితే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, అదే పోక్సో, దాని నాలుగో సెక్షన్ పడుతుంది. 2019 సవరణ తర్వాత దాని కనిష్ఠ శిక్ష పదేళ్లు. పదేళ్లంటే ఏడు దాటింది కాబట్టి నేరం 'హేయం'. కాబట్టి ఆ ఇంటర్ కుర్రాణ్ని పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్న పరీక్ష పెట్టాల్సిందే. ఇద్దరి ప్రాణాలు పోయిన కేసులో పెట్టలేని పరీక్ష, ప్రేమించి లేచిపోయిన కేసులో తప్పనిసరి అయింది. పదహారు నుంచి పద్దెనిమిది మధ్య వయసు వాళ్ల ఇష్టపూర్వక సంబంధాల్లో శిక్ష విషయంలో జడ్జీలకు కొంత వెసులుబాటు ఇవ్వాలని లా కమిషన్ 2023లో, 283వ నివేదికలో చెప్పింది, సమ్మతి వయసును మాత్రం ముట్టుకోవద్దంది.

గంజాయి సంగతి చూస్తే మనకు ఇంకా దగ్గర. ఆంధ్రా ఒడిశా సరిహద్దు మన్యం నుంచి సరుకు మోయించడానికి ముఠాలు కుర్రాళ్లను వాడుకోవడం కొత్తేమీ కాదు, పట్టుబడ్డా మైనర్ కదా, త్వరగా బయటికొస్తాడని లెక్క. ఇరవై కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం, కనిష్ఠ శిక్ష పదేళ్లు, మళ్లీ 'హేయం'. కూలి డబ్బుల కోసం బ్యాగు మోసిన పదహారేళ్ల గిరిజన కుర్రాడు కూడా ఈ గీత అవతలే ఉంటాడు. పిల్లల చేత మత్తుమందులు మోయించిన పెద్దలకు ఇదే జువైనల్ చట్టంలో 78వ సెక్షన్ ఉంది, దాని గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఆ పెద్దమనుషుల మీద మత్తుమందుల చట్టం కూడా పెట్టొచ్చు, నిజమే, కానీ రోడ్డు మీద తనిఖీలో దొరికేది బ్యాగు మోసేవాడు, మోయించినవాడు కాదు.

కనిష్ఠ శిక్షను కొలతగా పెట్టుకుంటే వచ్చే తంటా ఇది. ఏ నేరానికి కనిష్ఠం పెట్టాలన్నది వేర్వేరు చట్టాల్లో, వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ఒత్తిళ్ల మీద జరిగిన పని. ఆ కుర్రాడు ఎంత ప్రమాదకరమో, ఎంత మారగలడో దానికి తెలియదు.

ఈ గీత ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1986 చట్టంలో అబ్బాయిలకు పదహారు, అమ్మాయిలకు పద్దెనిమిది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను 1992లో మనం ఆమోదించాక, 2000 నాటి చట్టంలో ఇద్దరికీ పద్దెనిమిదే చేశారు. పన్నెండేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2012 డిసెంబర్ 16న ఢిల్లీ బస్సులో ఆ ఘోరం జరిగింది, ఆరుగురు నిందితుల్లో ఒకడికి పద్దెనిమిది నిండడానికి ఇంకా కొన్ని నెలలుంది. అతనికి మూడేళ్లు స్పెషల్ హోం, చట్టంలో ఉన్న గరిష్ఠం అదే. ఆ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ వయసు తగ్గించొద్దని చెప్పింది. 2013లో సలీల్ బాలి కేసులో సుప్రీంకోర్టూ అదే అంది. కొత్త బిల్లును చూసిన పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా మైనర్లను పెద్దల కోర్టుకు పంపడం వద్దనే రాసింది. ఆ కుర్రాడు 2015 డిసెంబర్ 20న విడుదలయ్యాడు, అంతకుముందు నెలల తరబడి నానుతున్న బిల్లు రెండు రోజుల్లో, 22న, రాజ్యసభ దాటేసింది. బయట జనం, గ్యాలరీలో బాధితురాలి తల్లిదండ్రులు, ఆ పూట 'వద్దు' అని గట్టిగా అనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. దానివల్ల ఆ పాత కేసులో మాత్రం ఏమీ మారలేదు, క్రిమినల్ చట్టాలను వెనక్కి వర్తింపజేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు.

ఇక ఆ పరీక్ష ఎలా ఉంటుందంటే, చట్టంలో దాని పేరు ప్రాథమిక అంచనా. పదిహేనో సెక్షన్. బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వాళ్లిద్దరిలో కనీసం ఒకరు మహిళ. నేరం చేసే శారీరక, మానసిక శక్తి ఆ పిల్లవాడికి ఉందా, పర్యవసానాలు తెలిసే చేశాడా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నది వీళ్లు తేల్చాలి. చదవడానికి బాగానే ఉంటుంది. ఆచరణలో మొదటి చిక్కు, కుర్రాణ్ని చూసేది నేరం జరిగిన వారాలకో నెలలకో, తేల్చాల్సింది మాత్రం ఆ రోజు ఆ క్షణంలో అతని బుర్ర ఎలా పనిచేసిందని. ఆ పని చేసే స్కానింగ్ గానీ ప్రశ్నావళి గానీ ప్రపంచంలో ఎక్కడా లేదు. చాలా నివేదికల్లో చివరికి మిగిలేది ఐక్యూ మార్కు, దానికింద 'పర్యవసానాలు తెలుసు' అని ఒక వాక్యం. దొంగతనం తప్పని ఏడేళ్ల పిల్లకీ తెలుసు. తెలియడం వేరు, పక్కన నలుగురు స్నేహితులుండి కవ్విస్తున్నప్పుడు ఆగగలగడం వేరు, ఆ వయసులో ఆ రెండోదే తక్కువ.

రెండో చిక్కు ఇంకా మౌలికమైనది. నేరం ఇంకా రుజువు కాలేదు. కానీ ఏ పరిస్థితుల్లో చేశావో చెప్పమంటారు. నేను చేయలేదంటే అంచనా సాగదు, చెబితే ఒప్పుకున్నట్టు అవుతుంది. వకీలు పక్కన లేని పదహారేళ్లవాడు ఏం చేస్తాడు?

2022 జూలైలో గురుగ్రామ్ స్కూలు హత్య కేసులో సుప్రీంకోర్టు ఈ అంచనాను తేలికగా తీసుకోవద్దని, బోర్డు సభ్యుల్లో పిల్లల మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనని చెప్పింది. 2023లో జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. బాగుంది. జిల్లా కేంద్రంలో పిల్లల సైకాలజిస్టు ఎవరున్నారో చెప్పమంటే మాత్రం చాలా జిల్లాల్లో సమాధానం దొరకదు. మూడు నెలల్లో అంచనా పూర్తి చేయాలని చట్టంలో ఉన్న గడువు కూడా తప్పనిసరి కాదని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, నిపుణుల నివేదికలు ఆలస్యమవుతాయి కాబట్టి. తర్కం సరైనదే, కానీ ఆ ఆలస్యమంతా కుర్రాడు హోంలో గడిపే కాలం.

హైదరాబాద్‌లో 2022 నాటి జూబ్లీహిల్స్ అత్యాచారం కేసు వచ్చినప్పుడు ఇదంతా తెలుగు చానళ్లలో రోజుల తరబడి నలిగింది. ఐదుగురు మైనర్లలో నలుగురిని పెద్దవాళ్లుగా విచారించాలని బోర్డు చెప్పింది. ఆ అమ్మాయికి న్యాయం జరగాలన్నదాంట్లో రెండో మాట లేదు. అయితే చర్చంతా ఎవరి కొడుకు, ఏ కారు అన్న దగ్గరే తిరిగింది, పదహారు పదిహేడేళ్ల కుర్రాళ్లు అలా ఎందుకు తయారవుతున్నారన్నది ఎవరూ తవ్వలేదు. పైగా పిల్లల ఫొటోలు, వివరాలు చూపించొద్దని 74వ సెక్షన్ ఉంది, దాన్ని ఎంతమంది పాటించారో ఆ రోజుల్లో యూట్యూబ్ చూసినవాళ్లకు తెలుసు.

మైనర్లను పెద్దల కోర్టుకు పంపితే నేరాలు తగ్గుతాయా అంటే, ఆ ప్రయోగం అమెరికా ఎప్పుడో చేసి చూసింది. అక్కడ 1990ల్లో దాదాపు రాష్ట్రాలన్నీ పోటీపడి ఇలాంటి చట్టాలు చేశాయి. 2007లో అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ తరఫున పనిచేసే నిపుణుల బృందం ఉన్న అధ్యయనాలన్నీ ముందు పెట్టుకుని చూస్తే, పెద్దల కోర్టుకు వెళ్లొచ్చిన పిల్లలు జువైనల్ వ్యవస్థలో ఉన్నవాళ్ల కంటే మళ్లీ హింసకు దిగడం ఎక్కువగా కనబడింది. ఇలా పంపొద్దని ఆ బృందం సిఫార్సు చేసింది. వాళ్లు వదిలించుకుంటున్న కాలంలో మనం తెచ్చిపెట్టుకున్నాం.

ఎంతమంది పిల్లల గురించి ఈ గొడవ అంటే, 2022లో దేశం మొత్తం మీద మైనర్ల మీద నమోదైన కేసులు 30 వేల పైచిలుకు. అదే ఏడాది మొత్తం నేరాలు 58 లక్షలు. నూటికి ఒకటి కూడా కాదు, అర. ఈ పిల్లల్లో ఎక్కువమంది అనాథలు, వీధి బాలలు అనుకుంటాం. జాతీయ నేర గణాంకాలు ఏటా చెప్పేది వేరు: అత్యధికులు తల్లిదండ్రుల దగ్గర ఉంటున్నవాళ్లే. ఇల్లుంది, అమ్మానాన్నా ఉన్నారు, కానీ బడి మానేశాడు, ఇంట్లోవాళ్లు పొద్దున పోతే రాత్రికి వస్తారు, బయట ఎవడో పెద్దవాడు బండి ఇచ్చి తిప్పుతున్నాడు. ఇక్కడికి వస్తేగానీ అసలు విషయంలోకి రాం.

ఎందుకంటే ఈ చట్టంలో రెండు భాగాలున్నాయి. ఒకటి నేరం మోపబడిన పిల్లలది, దాన్ని బోర్డు చూస్తుంది. రెండోది సంరక్షణ అవసరమైన పిల్లలది, దాన్ని జిల్లా బాలల సంక్షేమ కమిటీ చూస్తుంది. టీవీకి ఎక్కేది మొదటిది. కానీ పిల్లలు మాత్రం ఇద్దరూ ఒకే వీధివాళ్లు, తరచూ ఒకే పిల్లవాడు. పన్నెండేళ్లప్పుడు, బాల కార్మికులను వెతికి విడిపించే ఆపరేషన్ స్మైల్‌లోనో ఆపరేషన్ ముస్కాన్‌లోనో మెకానిక్ షాపు నుంచి పోలీసులు తెచ్చి కమిటీ ముందు పెట్టినవాడే, సరైన ఆసరా దొరక్కపోతే పదహారేళ్లప్పుడు ఫోన్ల చోరీలో బోర్డు ముందు కనబడే అవకాశం ఎక్కువ. మధ్యలో ఆ నాలుగేళ్లు వాణ్ని ఎవరు చూశారు? చూడాల్సినవాళ్లు కాగితం మీద ఉన్నారు: జిల్లా బాలల రక్షణ విభాగం, ప్రొబేషన్ ఆఫీసర్, కౌన్సెలర్, ప్రతి స్టేషన్లో పిల్లల సంగతి చూసే ఒక పోలీసు అధికారి. ఆ పోలీసు అధికారి సాధారణంగా ఏ ఎస్సైనో అయి ఉంటాడు, బందోబస్తు, పెట్రోలింగ్ అన్నీ చూసుకుని ఇదీ చూడాలి.

ఈ ఖాళీల సంగతి కోర్టులకు తెలియక కాదు. 2018లో సంపూర్ణా బెహురా కేసులో బోర్డుల్లో, కమిటీల్లో పోస్టులు నింపండని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది, హైకోర్టులను కూడా కనిపెట్టి ఉండమంది. 2025లో వచ్చిన ఇండియా జస్టిస్ రిపోర్ట్ అధ్యయనం చూస్తే 362 బోర్డుల ముందున్న కేసుల్లో సగానికి పైగా పెండింగే, దాదాపు నాలుగింటిలో ఒక బోర్డుకు పూర్తి బెంచి లేదు. చట్టం నాలుగు నెలల్లో విచారణ ముగించమంటుంది, ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు. చిన్న నేరమై ఆలోపు తేలకపోతే కేసు మూసేయాలి. ఇవన్నీ ఉన్నాయి, మంచివి కూడా. ఇరవై నాలుగు గంటల్లో బోర్డు ముందు పెట్టాలి, లాకప్‌లో వేయకూడదు, నేరం బెయిలబుల్ అయినా కాకపోయినా మామూలుగా బెయిల్ ఇవ్వాలి. నిజం చెప్పాలంటే పుణె బోర్డు బెయిల్ ఇవ్వడంలో తప్పులేదు, వ్యాసం రాయమనడంలోనే ఉంది వెటకారం. ఆ వెసులుబాటు ఆ ఒక్క కుర్రాడి కోసం పుట్టింది కాదు, సెల్‌ఫోన్ కొట్టేసిన కుర్రాడికీ అదే సెక్షన్. కాకపోతే వాడి తరఫున ఆ సాయంత్రానికి వకీలు రాడు.

అంతకన్నా ఘోరం, కొంతమంది బోర్డు దాకా రానే రారు. పోలీసులు వయసు పంతొమ్మిది అని రాసేస్తే నేరుగా పెద్దల జైలే. ఐప్రొబోనో అనే న్యాయ సంస్థ సమాచార హక్కు కింద లెక్కలు తెప్పిస్తే 2016 నుంచి 2021 దాకా జైళ్ల నుంచి పిల్లలుగా తేలి బయటపడ్డవాళ్లు 9 వేల పైమాటే. స్కూలు సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ జనన పత్రం, అదీ లేకపోతే ఎముకల పరీక్ష అని 94వ సెక్షన్‌లో వరసగా ఉంది, కానీ బడి మానేసిన వలస కూలీ కొడుకు దగ్గర ఏ కాగితం ఉంటుంది? 2025 జనవరిలో సుప్రీంకోర్టు విడుదల చేసిన ఒక ఖైదీ నేరం నాటికి పద్నాలుగేళ్లవాడు, ఒకప్పుడు ఉరిశిక్ష కూడా పడింది, పాతికేళ్లు లోపలే ఉన్నాడు. మైనర్‌నని మొదటి నుంచీ చెబుతూనే వచ్చాడు.

డబ్బు విషయానికొస్తే, కేంద్రం మిషన్ వాత్సల్య కింద కుటుంబంలోనే ఉంచి పిల్లవాణ్ని చదివించుకోవడానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇస్తుంది. ఇది ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా తెలివైన పథకం, హోంలో పెట్టి పోషించడం కంటే పిల్లాడికీ మంచిది. కానీ కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెలో 72 వేలు, పట్టణంలో 96 వేలు దాటకూడదు. 96 వేలంటే నెలకు ఎనిమిది వేలు. హైదరాబాద్‌లో ఇళ్లల్లో పనిచేసే ఒంటరి తల్లి నాలుగిళ్లు చేస్తే ఆ గీత దాటేస్తుంది. నాలుగిళ్లు చేయకపోతే అద్దె కట్టలేదు. అంటే కొడుకుని గాలికొదిలి పనికి పోవాల్సిన తల్లికే ఆ పథకం అందదు.

పద్దెనిమిది నిండిన రోజు సంగతి ఇంకొకటి. హోంలో పెరిగిన పిల్లలు ఆ రోజుతో బయటికి రావాలి. 46వ సెక్షన్ వాళ్లకు ఆర్థిక సాయం ఇవ్వొచ్చంటుంది, నియమాల్లో ఇరవై ఒకటి దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో ఇరవై మూడు దాకా ఆసరా అని ఉంది. మధ్యతరగతి ఇంట్లో బీటెక్ అయ్యాక కూడా అబ్బాయికి కోచింగ్ ఫీజు నాన్నే కడతాడు, ఎవరికీ వింతగా అనిపించదు. ఏ ఆసరా లేని పిల్లవాడికి మాత్రం పద్దెనిమిదికే అన్నీ వచ్చేయాలి: గది, పని, బ్యాంకు ఖాతా, జ్వరమొస్తే చూసుకునే మనిషి. రాష్ట్రాలు ఈ సెక్షన్‌ను 'ఇవ్వొచ్చు' అన్నట్టే చదువుకుంటున్నాయి.

సవరణ చేయాలనుకుంటే చేయాల్సినవి కనబడుతూనే ఉన్నాయి. కనిష్ఠ శిక్ష కొలతను తీసేసి, ప్రాణాలు పోయిన నేరాన్నీ ప్రేమ కేసునూ ఒకే తూకం వేయని పద్ధతి పెట్టాలి, మైనర్ల మధ్య ఇష్టపూర్వక సంబంధాలను ఆ పరీక్షలోంచి పూర్తిగా తప్పించాలి. పెద్దవాళ్ల చేతిలో పనిముట్టుగా మారిన పిల్లవాణ్ని ముందు సంక్షేమ కమిటీకి పంపాలి. అంచనా వేసేటప్పుడు వకీలు లేకుండా ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. పెద్దవాడిగా విచారించి దోషిగా తేలిన పిల్లవాడికి, మిగతా మైనర్లకు ఉన్నట్టు రికార్డు చెరిపేసే రక్షణ ఉండదు, ఇరవై ఒకటి నిండాక సమీక్షలో మారాడని తేలితే కనీసం అప్పుడైనా ఆ అవకాశం ఇవ్వాలి. స్పాన్సర్‌షిప్ ఆదాయ పరిమితిని రాష్ట్రాల కనీస వేతనాలతో ముడిపెట్టాలి, 46వ సెక్షన్‌లో 'ఇవ్వొచ్చు'ను 'ఇవ్వాలి' చేయాలి. చివరి రెండిటికీ బడ్జెట్ కావాలి. మిగతావాటికి ఒక చిన్న సవరణ బిల్లు చాలు. వయసు తగ్గించడానికి మాత్రం రూపాయి ఖర్చు లేదు, అందుకే ప్రతిసారీ ముందు వినబడేది అదే.